బియెన్ తాత కుడి భుజం

బియెన్ తాత లెక్కలో మనిషి ఒంట్లో ఉన్నవి రెండే భాగాలు. ఒకటి కుడిచేతి బొటనవేలు. రెండోది మిగతాదంతా. ఆ మిగతాదంతా బొటనవేలిని మోసుకు తిరగడానికే పుట్టిందని ఆయన నమ్మకం. చలికాలంలో యాంగ్‌జౌ వీధుల్లోకి బయల్దేరినప్పుడు నెత్తి మీద టోపీ మరిచిపోయిన రోజులున్నాయి గాని, ఆ వేలికి నాయనమ్మ కుట్టిపెట్టిన దూది తొడుగు లేకుండా గడప దాటిన రోజు లేదు. నాయనమ్మ ఆ తొడుగుని "అత్తగారి మేజోడు" అనేది. ఇంట్లో తనకన్నా పై అధికారం దానిదేనని ఆవిడ బాధ.

ఆ వేలికి అంత గౌరవం ఊరికే రాలేదు. మీసం మొలవని వయసులో తాతని వాళ్ళ నాన్న నది దాటించి, మర్దన గురువు ఇంట్లో వదిలేసి వచ్చాడు. గురువు ఆయన చేతికి మనిషినివ్వలేదు, బియ్యం సంచి ఇచ్చాడు. తలగడంత గుడ్డ సంచి, నిండా బియ్యం, మూతి కుట్టేసి ఉంది. దాని ముందు వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవాలి. భుజం జారవిడవాలి, మోచెయ్యి వేలాడాలి, మణికట్టు వదులుగా ఊగాలి. బొటనవేలి కొస ఒక్కటే సంచిని తాకి, ఉన్నచోటి నుంచి జారకుండా ముందుకీ వెనక్కీ ఊగుతుండాలి. బలమంతా భుజం నుంచి బయల్దేరి, దారిలో ఎక్కడా ఆగకుండా వేలి కొసకి దిగాలి. అరచెయ్యి గుప్పిట కాకూడదని గురువు అందులో ఒక ఉడికించని గుడ్డు పెట్టేవాడు. బిగిస్తే గుడ్డు పగులుతుంది. పగిలిన గుడ్డు శిష్యుడే తినాలి, దానితోపాటు రెండు మొట్టికాయలు కూడా. తాత ఆ విద్య నేర్చుకోవడానికి మిగతా శిష్యులకన్నా చాలా ఎక్కువ కాలం పట్టింది. ఆయన బుగ్గలు మాత్రం ఆ రోజుల్లోనే నున్నగా నిండాయి. ఈ రెండు సంగతులకీ సంబంధం లేదని ఆయన చివరిదాకా వాదించాడు.

సంచిలో బియ్యం మొదట నూకలయ్యేవి, తర్వాత పిండయ్యేవి. పిండయ్యాక గురువుగారి భార్య కుట్టు విప్పి జావ కాచి, సంచిలో కొత్త బియ్యం పోసేది.

"మా వేళ్ళతో నలిగిన జావ తాగి పెరిగాం మేము," అనేవాడు తాత గొప్పగా.

"అందుకే నీ బుర్రలో నూకలే గాని ఒక్క గింజా లేదు," అనేది నాయనమ్మ.

సంచి తర్వాత గురువు వీపు. ఆ వీపు మీద వేలు ఊగుతుంటే గురువు కళ్ళు మూసుకుని పాఠం చెప్పేవాడు. ఒంట్లో కాలవలున్నాయి. వాటిలో గాలీ నెత్తురూ కలిసి పారుతుంటాయి. పారినంతసేపూ మనిషికి తనకొక ఒళ్ళుందన్న సంగతే గుర్తుండదు. చలి జొరబడో, పాత దెబ్బ గడ్డకట్టో, మింగిన కోపం అరక్కో దారి మూసుకుపోతే అప్పుడు నొప్పి. యాంగ్‌జౌ పిల్లవాడికి ఇది అర్థం కాకపోవడమేమీ లేదు. ఊరి పెద్ద కాలవలో ఒక బియ్యం పడవ అడ్డం తిరిగితే దాని వెనక ఆగిపోయిన పడవలవాళ్ళంతా తిట్టుకుంటారు. తిట్లు వినిపించిన చోట వెతికితే అడ్డం తిరిగిన పడవ కనపడదు, ఇంకాస్త ముందుకి వెళ్ళి చూడాలి. కనపడ్డాక కూడా దాన్ని బలంగా నెట్టకూడదు. నెడితే బురదలో కూరుకుపోతుంది. మెల్లగా, ఒకే తీరుగా, విసుగులేకుండా కదిలిస్తుంటే అదే ఒరుసుకుంటూ తిరుగుతుంది. ఒంట్లో శక్తి ఖాళీ అయినవాడికి కాలవ పారే వైపే తొయ్యాలి, నిండుతుంది. ఎక్కువై ఉబ్బినవాడికి ఎదురు తొయ్యాలి, తగ్గుతుంది. కడుపు మాడుతున్నవాణ్ణీ, అప్పుడే పీకలదాకా తిన్నవాణ్ణీ ముట్టుకోకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం ఆఖర్న వచ్చింది. కాలవల పొడుగునా వేలు ఆనించే గుంటలుంటాయి. పటంలో ప్రతి గుంటకీ పేరుంది. ఏ పటంలోనూ గీయలేని గుంట ఒకటుంది. వేలు వెతుక్కుంటూ పోతుంటే ఒకచోట పడుకున్న మనిషి "ఆఁ, అక్కడే" అంటాడు. అదే ఆ గుంట. దాని పేరు కూడా "ఆఁ, అక్కడే". అది ఇవాళ ఒకచోట ఉంటుంది, రేపు మరోచోట. మర్దన చేసేవాడు ఎంతటి ఘనుడైనా దాన్ని సొంతంగా ప్రకటించడానికి వీల్లేదు. పడుకున్నవాడు చెప్పాలి, వీడు వినాలి.

తాతకి ఈ పాఠం బాగా వచ్చు. ఎటొచ్చీ ఆయన ఎప్పుడూ వినేవైపే ఉన్నాడు.

తెల్లమేఘాల స్నానశాలలో కిటికీ పక్క బల్ల ఆయనది. అక్కడికి చేరినప్పుడు జుట్టు నల్లగా ఉండేది. స్నానశాల చేతులు మారింది, పేరు రెండుసార్లు మారి మళ్ళీ మొదటికొచ్చింది, బొగ్గు బాయిలరు పోయి ఇంకో బొగ్గు బాయిలరు వచ్చింది. బల్లా తాతా మాత్రం కిటికీ పక్కే ఉన్నారు. మధ్యాహ్నం తలుపులు తీస్తే జనం వేడి నీళ్ళ తొట్లలో నాని, ఒళ్ళు ఎర్రబడ్డాక బయటికొచ్చి, తువ్వాళ్ళు చుట్టుకుని బల్లల మీద వాలేవాళ్ళు. టీ వచ్చేది, టీతో పచ్చ ముల్లంగి వచ్చేది. ముసలి ఫాన్ వేడి తువ్వాళ్ళు పిండి, గది ఈ చివరనుంచి ఆ చివరకి విసిరేవాడు. ఒక్కటీ కింద పడేది కాదు. తర్వాత ఎవరి మనిషి దగ్గరికి వాళ్ళు. గోళ్ళు తీయించుకునేవాళ్ళు కాళ్ళ పనివాడి దగ్గరికి. తలనొప్పి, కడుపుబ్బరం, నిద్రలేమి అన్నవాళ్ళు తాత దగ్గరికి. నడుము పట్టినవాళ్ళూ మోకాలు బిగిసినవాళ్ళూ బాయిలరు గది తలుపు పక్కనున్న గెంగ్ దగ్గరికి.

గెంగ్ యూఫాది వేరే బాణీ. బొటనవేలితో పనే లేదు. చెయ్యి వెనకభాగాన్ని చిటికెనవేలి వైపునుంచి ఒంటి మీద ఆనించి, మణికట్టు మడుస్తూ చాపుతూ దొర్లిస్తాడు. పెద్ద పెద్ద కండరాలూ బిగుసుకున్న కీళ్ళూ ఆ దొర్లుడుకి మెత్తబడతాయి. తాత దీన్ని రొట్టెలొత్తడం అనేవాడు. తాత చేసేదాన్ని గెంగ్ కోడి గింజలేరుకోవడం అనేవాడు. వాళ్ళిద్దరూ సూటిగా మాట్లాడుకోవడం మానేసి ఏళ్ళు గడిచాయి. గొడవ ఎందుకు మొదలైందో ఇద్దరికీ గుర్తు లేదు. సాగించడం మాత్రం ఎవరూ మరిచిపోలేదు. ఒకే గదిలో పదడుగుల దూరంలో కూర్చుని, మాటలన్నీ ఫాన్ ద్వారా పంపించుకునేవాళ్ళు.

"ఫాన్, కిటికీ వెయ్యమని చెప్పు. నా దగ్గరున్నాయన వీపు చల్లబడుతోంది," అనేవాడు గెంగ్.

"బియెన్ గురువుగారూ, కిటికీ వెయ్యమంటున్నారు."

"వినపడింది. పిండి ఆరిపోతే రొట్టె సరిగా రాదు కాబోలు, నీళ్ళు చిలకరించుకోమని చెప్పు."

"గెంగ్ గురువుగారూ, నీళ్ళు..."

"నాకూ వినపడింది."

అలా నడుస్తుండగా, తాతకి అరవై దాటిన ఏడు, ఆకులు రాలే రోజుల్లో ఒక పొద్దున ఆయన పై అలమర మీదున్న టీ డబ్బా అందుకోబోయాడు. కుడిచెయ్యి ఛాతీ ఎత్తుదాకా లేచి ఆగిపోయింది. దారి తప్పినవాడికి ఇటు వెళ్ళు అని చూపిస్తున్నట్టు అక్కడే నిలబడింది. తాత చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. ఎడంచేత్తో డబ్బా దించుకుని, టీ కాచుకుని, ఏమీ జరగనట్టు తాగాడు.

కొన్నాళ్ళు దాచాడు. దువ్వెన ఎడంచేతికి మారింది. భోజనాల దగ్గర దూరంగా ఉన్న గిన్నెలో కూర మీద ఇష్టం పోయిందన్నాడు. కాని నాయనమ్మ ఛియావ్‌యున్ కళ్ళముందు దూది కోటు తొడుక్కోక తప్పదు. ఎప్పుడూ ఎడమచెయ్యి ముందు దూర్చేవాడు, ఇప్పుడు కుడిచేతిని ముందు మెల్లగా దూర్చి, దాని వెనక మిగతా ఒంటిని లాక్కుంటున్నాడు. ఆవిడ రెండు పూటలు చూసి ఊరుకుంది. మూడోపూట అడిగింది.

"యాభయ్యో ఏట బిగుసుకునే భుజం వచ్చిందా ముసలాయనా?"

"నాకు అరవై దాటాయి. యాభయ్యో ఏటి భుజం ఎలా వస్తుంది?"

"నీకు అన్నీ ఆలస్యమే కదా. పెళ్ళికూతురి పడవ రేవుకొచ్చాక గాని నువ్వు నిద్ర లేవలేదు."

తాత తన వైద్యం తాను మొదలుపెట్టాడు. భుజానికి మందు పిక్క ముందువైపు ఎముక పక్కనున్న గుంటలో ఉంటుంది, ఆ చివరి గుమ్మంలోంచి ఈ చివరి అడ్డం తీసినట్టు. మంచం అంచున కూర్చుని ఆ గుంటని నొక్కుకుంటూ, చెయ్యి పైకి లేపుకుంటూ ఉండేవాడు. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో గోడ ఎక్కేవాడు. బల్లిలాగా పైకి పాకి, ఒకచోట ఆగి, నిట్టూర్చి దిగేవాడు. వేడి ఉప్పు మూట కాపడం పెట్టించుకున్నాడు. ఏదీ పని చెయ్యలేదు. సొంత భుజం వెనక్కి సొంత వేలు అందదు. శిష్యులంటారా, గుడ్లు పగలగొట్టకుండా బియ్యం సంచితో కుస్తీ పట్టే ఓపిక ఈ కాలం కుర్రాళ్ళకి లేదని ఆయనే ఎవరినీ చేరనివ్వలేదు.

బిగిసిన భుజం జారవిడవడానికి వీల్లేదు. భుజం జారకపోతే మోచెయ్యి వేలాడదు, మణికట్టు ఊగదు. బలం దారిలోనే ఆగిపోయి, వేలి కొసకి పొడుపు మాత్రం మిగులుతుంది. ఏళ్ళ తరబడి ఆయన వేలికింద గురక పెట్టిన పట్టు వ్యాపారి ఒకాయన మెలకువగా తల ఎత్తాడు.

"గురువుగారూ, ఇవాళ నా నెత్తిమీద వడ్రంగిపిట్ట గాని వాలిందా?"

గది చివర గెంగ్ నవ్వలేదు. నవ్వకపోవడమే తాతని ఎక్కువ కుట్టింది.

స్నానశాల మేనేజరు షె మెత్తని మనిషి. మెత్తగానే చెప్పాడు. "పన్నెండో నెల వస్తే కొత్త సంవత్సరం స్నానాలకి ఊరంతా మీద పడుతుంది, మీకు తెలియంది కాదు. అప్పటికి చెయ్యి లేవకపోతే కిటికీ పక్క బల్ల కాళ్ళ పనివాడికి ఇస్తాను. ఏమీ అనుకోకండి."

తాత ఏమీ అనుకోలేదు. అంటే, పైకి అనలేదు. బొటనవేలు ఏలిన చోట ఎవరో కాలిగోళ్ళు గీకుతుంటే ఎలా ఉంటుందో ఆ రాత్రంతా ఊహించుకున్నాడు. బల్ల పోతే పగలంతా ఇంట్లో కూర్చోవాలి. ఇంట్లో నాయనమ్మ ఉంటుంది. ఆవిడకీ అదే భయం పట్టుకుంది. మర్నాడే ఉప్పులో ఊరేసిన బాతుగుడ్లు గంపలో సర్దుకుని, ఎవరితోనూ చెప్పకుండా గెంగ్ ఇంటికి వెళ్ళింది. తిరిగొచ్చి ఖాళీ గంప బల్లమీద పెట్టింది.

"గుడ్లు తీసుకున్నాడు. చేస్తానన్నాడు. కాకపోతే నువ్వు నోటితో అడగాలట."

"వాడి చేత నా ఒంటిమీద రొట్టెలు ఒత్తించుకోవాలా?"

"వద్దులే. రేపటినుంచి నాతోపాటు కూర్చుని బఠాణీలు ఒలువు."

బఠాణీల మాట పని చేసింది. మర్నాడు పొద్దున, ఇంకా తలుపులు తియ్యని వేళ, తాత స్నానశాలకి వెళ్ళాడు. ఫాన్ తువ్వాళ్ళు మడత పెడుతున్నాడు. గెంగ్ తన బల్ల తుడుచుకుంటున్నాడు.

"ఫాన్," అన్నాడు తాత కిటికీ వైపు చూస్తూ, "గెంగ్ గురువుగారికి పొద్దుటిపూట ఖాళీ ఉంటుందేమో కనుక్కో."

"ఫాన్," అన్నాడు గెంగ్ గుడ్డ పిండుతూ, "ఆ పెద్దమనిషికి బిగిసింది భుజమా, నోరా కనుక్కో."

ఫాన్ మడత పెట్టడం ఆపాడు. "నాకీ పని చాలించాలని ఉంది," అన్నాడు. తువ్వాళ్ళు చంకలో పెట్టుకుని తొట్ల గదిలోకి వెళ్ళిపోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. 

"నా భుజం చూస్తావా?" అన్నాడు తాత.

"పడుకో," అన్నాడు గెంగ్.

ఇక్కడే తాత తప్పు చేశాడు. మర్దన తెలియనివాడు ఆ తప్పు చెయ్యలేడు, దానికి చాలా చదువు కావాలి.

నొప్పి ఎక్కడుందో ఆయనకి తెలుసు. భుజం రెక్క ఎముక మధ్యలో, చంక వెనక్కి దిగే చోట. గెంగ్ చెయ్యి దొర్లుతూ మొదటిసారి అటు వెళ్ళినప్పుడు తాత కళ్ళముందు నక్షత్రాలు కనిపించాయి. కాని నోరు విప్పలేదు. ఎందుకంటే చేతి కాలవలు ఒక్కోటి ఒక్కో వేలికి చేరతాయి. బొటనవేలి కాలవ ఛాతీ పైన, మెడ ఎముక కిందున్న గుంటలో మొదలై చెయ్యి ముందువైపుగా దిగుతుంది. జీవితమంతా బొటనవేలితో బతికినవాడికి అడ్డం పడితే ఆ కాలవలోనే పడాలి. అది న్యాయం, అది శాస్త్రం, అది మర్యాద. రెక్క ఎముక మీదుగా పోయే కాలవ చిటికెనవేలిది. చిటికెనవేలు ఎవరిది? రొట్టెలొత్తేవాళ్ళది. తన ఒంట్లో తన కాలవ వదిలేసి ఆ కాలవలో పడవ అడ్డం తిరిగిందని, అదీ గెంగ్ ముందు, ఎలా ఒప్పుకుంటాడు?

గెంగ్ వేళ్ళు మెడ ఎముక కిందికి వచ్చాయి.

"ఆఁ, అక్కడే," అన్నాడు తాత. ఏళ్ళ తరబడి జనం నోట విన్న మాట కదా, బాగా పలికాడు. చివర్లో చిన్న మూలుగు కూడా చేర్చాడు.

గెంగ్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కాని పద్ధతి పద్ధతే, పడుకున్నవాడు చెప్పిందే మాట. అక్కడే పని మొదలుపెట్టాడు.

అలా రోజూ పొద్దున్నే సాగింది. తాత పడుకోవడం, మెడ ఎముక కింద "ఆఁ, అక్కడే" అనడం, గెంగ్ అక్కడ దొర్లించడం. తాత ఛాతీ ముందువైపు కండ చంటిపిల్లవాడి బుగ్గలా మెత్తబడింది. చెయ్యి మాత్రం దారి చూపించే ఎత్తు దాటలేదు.

"చూశావా? వాడి పనితనం ఇంతే," అన్నాడు తాత ఇంటికొచ్చి. ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగొచ్చింది.

"చాలా సంతోషం," అంది నాయనమ్మ. "ఏదీ, తల దువ్వుకో."

వెలుగు ఆరిపోయింది. గాలి గట్టిపడుతోంది, కాలవ ఒడ్డున మంచు పొర కడుతోంది. కాళ్ళ పనివాడు ఒకరోజు కిటికీ పక్క బల్ల దగ్గరికొచ్చి, ఏదో యథాలాపంగా అన్నట్టు జానలతో కొలిచి వెళ్ళాడు. ఆ పూట తాత టీ తాగలేదు. తను చెప్పిన అబద్ధం వల్లనే బల్ల పోతుందని ఆయనకి తెలుసు. నిజం చెప్పాలంటే ముందు అబద్ధం ఒప్పుకోవాలి. అది భుజం నొప్పికన్నా పెద్ద నొప్పి. దానికి ఏ గుంటలోనూ మందు లేదు.

మర్నాడు పొద్దున గెంగ్ పని మొదలుపెట్టలేదు. స్టూలు మీద కూర్చుని తాత పాదాల వైపు చూస్తున్నాడు.

"బియెన్."

పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్ళయిందో.

"ఏం?"

"నీ నోరొకటి చెబుతోంది, నీ కాలివేళ్ళు ఇంకోటి చెబుతున్నాయి. నా చెయ్యి వెనక్కెళ్ళిన ప్రతిసారీ ముడుచుకుంటున్నాయి. ముందుకొస్తే పడుకుంటున్నాయి. ఇన్నాళ్ళూ నా చేతిలోనే ఏదో లోపముందేమోనని రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు నాకు."

తాత పైకప్పు వైపు చూశాడు. "చలికి ముడుచుకుని ఉంటాయి."

"వెనకెక్కడో ఉంది. సరిగ్గా ఎక్కడో నువ్వు చెప్పవు. నువ్వు చెప్పకుండా నేను పట్టానంటే, తర్వాత అక్కడ కాదని ఊరంతా చెబుతావు." గెంగ్ లేచి ఫాన్ టీ బల్ల మీదున్న పచ్చ ముల్లంగి తీసుకుని, కత్తితో బొటనవేలంత ముక్క కోశాడు. "నోట్లో పెట్టుకో. పళ్ళమధ్య పట్టుకో. నమలకు."

"ఎందుకు?"

"నీ నోటికి కాసేపు వేరే పని ఉండాలి."

తాత వద్దనడానికి నోరు తెరిచాడు. ముక్క లోపలికి వెళ్ళింది.

గెంగ్ ఆయన్ని ఎడమ పక్కకి తిప్పాడు, చెయ్యి దొర్లడం మొదలైంది. మెడ పక్కగా దిగింది. మెడ ఎముక కింద కాసేపు తిరిగింది. ముల్లంగి కదల్లేదు. భుజం గుండ్రం మీద తిరిగింది. ముల్లంగి చివర చిన్న నీటిబొట్టు పుట్టింది. రెక్క ఎముక అంచుకి వచ్చింది. తాత ముక్కుతో ఊపిరి తీస్తున్నాడు. దొర్లించడం ఆపి గెంగ్ మధ్యవేలితో ఎముక మధ్యలోకి మెల్లగా ఒక అంగుళం జరిగి, కాస్త చంక వైపుకి తిరిగి, ఆగాడు.

కరక్‌మని చప్పుడైంది.

ఖాళీ గదిలో ఆ చప్పుడు తొట్లదాకా వినిపించింది. ముల్లంగి సగం తాత నోట్లో ఉంది, రెండో సగం బల్లమీంచి దొర్లి నేలమీద పడి, తలుపు దగ్గరికి వచ్చిన ఫాన్ కాళ్ళ దగ్గర ఆగింది. ఫాన్ వంగి దాన్ని తీశాడు.

"ఆఁ, అక్కడే," అన్నాడు ఫాన్.

గెంగ్ అక్కడ పని చేశాడు. తన చిటికెనవేలి కాలవలో, తన చెయ్యి వెనకభాగంతో, మెల్లగా, ఒకే తీరుగా. బురదలో ఇరుక్కున్న పడవ ఒరుసుకుంటూ కదిలింది. కదిలేటప్పుడు ఎంత నొప్పి పెట్టిందంటే తాత కళ్ళవెంట నీళ్ళు కారాయి.

"ఆవిరి ఎక్కువైంది ఇవాళ," అన్నాడు ఆయన.

"అవును," అన్నాడు గెంగ్. బాయిలరు ఇంకా వెలిగించలేదు.

పన్నెండో నెలలో ఎనిమిది రకాల గింజల జావ కాచే పండగ రోజున మేనేజరు షె తన కోటు విప్పి, "కాస్త ఆ కొక్కేనికి తగిలించండి గురువుగారూ," అన్నాడు. గదిలో అందరూ వేరే వైపు చూస్తున్నట్టు నటించారు. కాళ్ళ పనివాడు మరీ శ్రద్ధగా వేరే వైపు చూశాడు. తాత కోటు తీసుకుని కుడిచెయ్యి లేపాడు. అది ఛాతీ దాటింది, గడ్డం దాటింది, చెవి దగ్గర వణికింది, కోటు కొక్కేనికి తగులుకుంది. అంతకన్నా పైకి అది ఎన్నడూ పోలేదు. పై అలమరలోని టీ డబ్బా చివరిదాకా నాయనమ్మే దించింది. అయితే బొటనవేలికి పైన పనేముంది? అది ఎప్పుడూ కిందికే చూసేది. భుజం జారింది, మోచెయ్యి వేలాడింది, మణికట్టు ఊగింది. పట్టు వ్యాపారి మళ్ళీ గురక పెట్టాడు.

ఊళ్ళో తాత చెప్పిన కథ వేరు. వేడి ఉప్పు మూటా, గోడ ఎక్కడమూ, పిక్క మీది గుంటా కలిసి తన భుజం బాగుచేశాయని చెప్పాడు. ఆ కథలో గెంగ్ లేడు. ముల్లంగి మాత్రం ఒంటికి మంచిదని ఒప్పుకున్నాడు.

కొత్త సంవత్సరం జనమంతా కడుక్కుని వెళ్ళిపోయాక, పని కాస్త తెరిపిచ్చిన ఒక పొద్దున, తాత కిటికీ పక్క బల్ల తుడుస్తున్నాడు. గెంగ్ వచ్చి నిలబడ్డాడు. తాత గుడ్డ పిండాడు. ఈయన ఏం అడుగుతాడో, తను ఏం ఇవ్వాలో అని ఆ వారమంతా లోపల్లోపల నలుగుతూనే ఉన్నాడు.

గెంగ్ ఏమీ అడగలేదు. చొక్కా విప్పి, తాత బల్లమీద బోర్లా పడుకున్నాడు.

"నడుము," అన్నాడు బల్లలోకి.

"ఎన్నాళ్ళనుంచి?"

"నువ్వు కిటికీ వెయ్యని ఏటి నుంచి."

ఏ ఏడో తాతకి తెలియలేదు, అన్ని ఏళ్ళూ ఆయన కిటికీ వెయ్యలేదు. జీవితమంతా ఒంగి దొర్లించిన నడుము అది. తాత స్టూలు దగ్గరికి లాక్కుని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. భుజం జారవిడిచి, వేలి తొడుగు తీసి పక్కన పెట్టాడు. బొటనవేలు గెంగ్ నడుము మీద ఊగడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళలో ఆ వీపుని ముట్టుకోవడం ఇదే మొదటిసారి. వెన్నుపూస పక్కనే పైనుంచి కిందికి, కాలి చిటికెనవేలిదాకా పోయే కాలవ ఒకటుంది. చేతి చిటికెనవేలి కాలవకి అది తోబుట్టువు. దొర్లించేవాళ్ళకి మహా ఇష్టమైన కాలవ.

వేలు అక్కడికి చేరగానే గెంగ్ తల కాస్త ఎత్తాడు.

"ఆఁ, అక్కడే," అన్నాడు. బాగా పలికాడు. చివర్లో చిన్న మూలుగు కూడా ఉంది.

తాత వేలు ఆగింది. దానికింద కండ వేడి తువ్వాల్లా మెత్తగా ఉంది. ఆయన వేలిని మెల్లగా పక్కకి, మొలతాడు కట్టుకునే చోటికి జరిపాడు. గెంగ్ ఏమీ అనలేదు. బల్ల అవతలి చివర ఆయన కాలివేళ్ళు పదీ ముడుచుకున్నాయి.

తాత వేలు తీసి, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన ముఖం చాలా ప్రశాంతంగా ఉంది.

"ఫాన్," అని పిలిచాడు, "ఒక ముల్లంగి పట్రా. పెద్దది చూసి."